రెండు గదుల మధ్య పోగు

మా చేనేత సంఘం డేటాబేస్ చీరాల రోడ్డు పక్కన పెంకుల షెడ్డులో ఉంది. అందులో ఒక్కో పట్టిక ఒక్కో గది. మగ్గాల గదిలో మగ్గాలున్నాయి. సభ్యుల గదిలో సభ్యులు వరసగా నిలబడి ఉన్నారు, ఎవరి వివరాలు వాళ్ళ నుదుటి మీద ఉన్నాయి. ఆ వరసలో నేనూ ఉన్నాను. నన్ను నేను పలకరించను. భార్యల గది చివర్న ఉంది. ఏ గది నుంచీ ఇంకో గదికి దారి లేదు.

ఈ గదులను కోడ్ జనరేటర్‌కు చూపించడం నా పని. అది గదులను చదివి, వాటికి తగిన ప్రోగ్రాం తానే నేస్తుంది. మనిషి కూర్చుని రాయనక్కర్లేదు. షెడ్డు మధ్యలో అది గుంట మగ్గంలా ఉంది. నేతగాడు కాళ్ళు పెట్టుకునే గుంటలో ఎవరూ లేరు.

సంఘం మేనేజరు జలజాక్షి మేడం దూలం మీద కూర్చుని కాళ్ళూపుతోంది.

"పొద్దుగూకేలోపు గుడ్డ దిగాలి, బ్రహ్మలింగం గారూ. మళ్ళీ మీ ఇంటి సంగతులు ముందేసుకుని కూర్చోకండి."

"నాకు ఇల్లెక్కడిదండీ?"

"అదుగో, ఆ ఏడుపే వద్దంటున్నా."

జనరేటర్ చెవి పడుగు కింద ఉంది. వంగి చెబుతాను. డేటాబేస్ ఎక్కడుందో, లోపలికి వెళ్ళడానికి ఏ మాట చెప్పాలో, ఏ గదులు చదవాలో, ఏవి వదలాలో. సభ్యులను చదువు. మగ్గాలను చదువు. పాత సామాను గది వదిలెయ్. భార్యల గది దగ్గర నా నోరు ఆగుతుంది. వదిలెయ్యమని చెప్పవచ్చు. చదవమంటాను.

మగ్గం ఆడుతుంది. గుడ్డ దిగుతుంది. దాని మడతల్లోంచి మనుషులు లేచి, బట్టలు దులుపుకుని, ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళి పనిలో కూర్చుంటారు.

భార్యల గది కిటికీలోంచి చూస్తాను. శేషారత్నం రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. పక్కన గ్లాసులో టీ పొగలు కక్కుతోంది. శేషారత్నం నా భార్య. పోయిన వానాకాలం చనిపోయింది. నేను చూశాను.

"రత్నం," అంటాను.

"ఎవరయ్యా నువ్వు?" అంటుంది. పైనుంచి కింది దాకా చూస్తుంది. "గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నావు. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా?"

పక్కనే ధనకోటి కూర్చుని ఉంది. మా ఎదురింటి గంగరాజు భార్య. ఆమె కూడా చనిపోయిన మనిషే.

"లేకేం వదినా, పెళ్ళాం పుట్టింటికి పోయుంటది," అంటుంది.

"ఈ మొహంతో కాపరమంటే నేనూ పోతా," అంటుంది శేషారత్నం.

ఇద్దరూ నవ్వుతారు. నా ఎదుట ఆమె ఇలా పళ్ళన్నీ కనబడేలా నవ్వగా నేను ఎన్నడూ చూడలేదు.

వెనక్కి వస్తాను. "ఆవిడకు నేను తెలియడం లేదు," అంటాను జనరేటర్‌తో.

"ఆ గదికీ మీ గదికీ మధ్య పోగు లేదు," అంటుంది. దాని గొంతు పొడి నూలులా ఉంది. "కట్టి ఉన్నదే నేను చదువుతాను."

నిజమే. ఈ డేటాబేస్ కట్టింది మా వీధివాళ్ళే. ఎవరి భార్య ఎవరో వీధంతటికీ తెలుసు. తెలిసినదాన్ని మళ్ళీ కట్టడం ఎందుకని వదిలేశారు.

"ఇప్పుడు కడితే?"

"గుర్తుపడుతుంది. కానీ మీ నుదుటి మీద భార్య చనిపోయిందని ఉంది. పోగు కట్టాక రెండు వైపులా ఒకటే మాట ఉండాలి."

"నా నుదుటి మీది మాట మార్చు."

"నేను చదువుతాను. మార్చను."

"కట్టకపోతే?"

"ఏముంది? కండెలు చుట్టుకుంటూ ఉంటుంది."

మేడం దూలం మీద నుంచి వంగుతుంది. "గుడ్డ దిగింది కదండీ. ఇంకేం కావాలి? వదిలేసి వెళ్ళండి."

వెళ్ళాలి. తలుపు దాకా వెళ్తాను కూడా. తలుపు దగ్గరికి శేషారత్నం నవ్వు వినబడుతుంది. కిటికీ దగ్గరికి తిరిగి వస్తాను.

"నీకు పెళ్ళి కాలేదా?" అని అడుగుతాను.

"ఏం, కాకపోతే రాట్నం తిరగదా?"

"మొగుడు లేకుండా ఎట్టా ఉన్నావు?"

"సుబ్బరంగా ఉన్నా. టీలో నాకు కావాల్సినంత పంచదార ఏసుకుంటన్నా. దండగనేవాడు లేడు."

పొయ్యి దగ్గరికి వెళ్ళి బూడిద తీసుకుంటాను. పోగు అతికేటప్పుడు జారకుండా మావాళ్ళు వేళ్ళకు బూడిద రాసుకుంటారు. ఆమె బతికి ఉండటమా, నేనెవరో ఆమెకు తెలియడమా. రెండోదే కావాలి నాకు. ఒక కొస నా వేలికి కడతాను. ఇంకో కొస కిటికీలోంచి ఆమె రాట్నానికి.

"ఆగండి," అంటుంది జనరేటర్. "పోగు మనిషికీ మనిషికీ కాదు. గదికీ గదికీ."

అప్పటికే ముడి బిగించాను.

రెండు గదుల మధ్య ఇక గోడలు లేవు. భార్యలందరూ ఒక్కసారిగా తలలెత్తి ఎవరి మొగుణ్ణి వాళ్ళు గుర్తుపడతారు. నా నుదుటి మీది మాటే ఎవరెవరి నుదుటి మీద ఉందో, వాళ్ళ భార్యల రాట్నాలు ఆగిపోతాయి. ధనకోటి నవ్వుతూ నవ్వుతూ పక్కకు ఒరుగుతుంది. వరసలో నిలబడ్డ గంగరాజు నా వేళ్ళ బూడిద వంక చూస్తాడు.

శేషారత్నం నన్ను చూస్తుంది.

"నువ్వా," అంటుంది. నవ్వు పోతుంది. గ్లాసు నా వైపు జరుపుతుంది. "పంచదార తక్కువే ఏశాలే."

ఆమె రాట్నం ఆగుతుంది.

ముడి విప్పాలని చూస్తాను. మావాళ్ళు వేసే ముడి విప్పడానికి వేసేది కాదు. జనరేటర్ నేస్తూనే ఉంది. అవతలి కొసన ఎవరూ లేరు గనక మగ్గంలోకి పోగు నా వైపు నుంచి వెళ్తోంది. వేలు పోగవుతుంది. తర్వాత చెయ్యి, భుజం, మెడ. నొప్పి లేదు. ఉంటే బాగుండేది.

గుడ్డ మడతలోంచి ఒక ఆడమనిషి లేచి చీర దులుపుకుంటుంది. ముఖం నాదే, మాసిన గడ్డంతో సహా. నేల మీద పడి ఉన్న నా ఖాళీ చొక్కా తీసి, గుండీలు సరిగ్గా పెట్టి, దండెం మీద వేస్తుంది. గుండీల కన్నాల్లోంచి నేను చూస్తున్నాను. ఆమె వెళ్ళి శేషారత్నం రాట్నం ముందు కూర్చుంటుంది. టీ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, డబ్బాలోని పంచదారంతా గ్లాసులో ఒంపుకుంటుంది.

"ఈ చొక్కా ఎవరిది వదినా?" అని అడుగుతుంది.

చనిపోయిన ఆడవాళ్ళందరూ, పడి ఉన్నచోటి నుంచే, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతారు.