తలుపు పిడి మీద చెయ్యి

కారిన్ హాల్వర్సన్ శిష్యులందరూ థెరపిస్టులే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ల మనసులోని బాధ వినడమే వాళ్ల పని. లోకం కష్టాలన్నీ ఓపిగ్గా వినే ఈ మనుషులకు సొంత ప్రాక్టీసు నడుపుకోవడం మాత్రం బొత్తిగా చేతకాదు. ఫీజు పెంచాలంటే నోరు పెగలదు. వారం రోజులు సెలవు పెట్టాలంటే దొంగతనం చేసినంత ముఖం పెడతారు. అలాంటివాళ్లను పదేసి మందిని కంప్యూటర్ తెర మీద కూర్చోబెట్టి, అమెరికాలోని డులూత్ ఊళ్లో తన మేడ మీది గది నుంచి ప్రతి బుధవారం ఉతికి ఆరేసేది కారిన్. చివాట్లు తిన్నవాళ్లే తమ స్నేహితులను కూడా తెచ్చి చేర్పించేవాళ్లు.

ఆ బుధవారం మెకెన్నా అనే అమ్మాయి వంతు వచ్చింది.

"వారానికి ముప్ఫై నాలుగు మందా? మతి గానీ పోయిందా నీకు? మధ్యాహ్నం ఏం తింటున్నావు?"

"కార్లోనే ఒక ఓట్స్ బార్ అండీ."

"గుర్రానిక్కూడా ఇంతకన్నా మంచి దాణా పెడతారు తల్లీ! ఇట్లాగైతే రెండేళ్లలో నువ్వే ఎవరి సోఫాలోనో కూర్చుని ఏడుస్తావు. మొన్న చెప్పిన మూడు కుప్పల పని చేశావా?"

చేశానంది మెకెన్నా. కారిన్ పాఠాల్లో అన్నిటికన్నా పేరున్నది ఈ మూడు కుప్పల పాఠమే. క్లయింట్ల పేర్లన్నీ చీటీల మీద రాయాలి. నువ్వు లేకపోతే నిలబడలేనివాళ్లు ఒక కుప్ప. అటూ ఇటూగా ఉన్నవాళ్లు రెండో కుప్ప. తమ కాళ్ల మీద తాము నిలదొక్కుకున్నవాళ్లు మూడో కుప్ప. మూడో కుప్పకు వీడ్కోలు ఉత్తరం పంపాలి. ఆ ఉత్తరం కూడా కారిన్ రాసిందే. పేరు మార్చుకుంటే చాలు. దాని మీద తన పేరు ఎక్కడా ఉండనిచ్చేది కాదు, పంపినవాళ్ల గుండెలోంచి వచ్చినట్టు ఉండాలి కదా మరి.

"ఇంకో సంగతండీ," అంది మెకెన్నా కాస్త నసుగుతూ. "మా ఎదురు గదిలో ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్ల ప్రాక్టీసు. సగం మందిని తగ్గించుకోవాలని ఆర్నెల్లుగా కొట్టుకుంటున్నారు, ఉత్తరం రాయడానికి మనసొప్పక. ఆ మూడు కుప్పల కాగితం, మీ ఉత్తరం రెండూ ఆయనకిచ్చేశాను. తప్పు చేశానా?"

"తప్పేముంది, పంచిపెట్టు! పాపం, ఆ పెద్దాయన కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటాడు."

ఎవరాయన అని కారిన్ అడగలేదు. మెకెన్నాది ఏ ఊరో కూడా ఆమెకు గుర్తులేదు. తెర మీద అందరి వెనకా ఒకే రకం పుస్తకాల అర, ఒకే రకం పూలకుండీ.

ఆ రోజు తరగతి చివర్లో ఇంకెవరో తలుపు పిడి గురించి అడిగారు. అది ఆ వృత్తిలో అందరికీ తెలిసిన బాధే. మనిషి తనకున్న యాభై నిమిషాల్లో నలభై తొమ్మిది మంచు గురించి, కారు రిపేరు గురించి మాట్లాడి, లేచి వెళ్తూ తలుపు పిడి మీద చెయ్యి వేశాక అసలు మాట బయటపెడతాడు. అప్పుడేం చెయ్యాలి?

"మళ్లీ కూర్చోబెట్టారో, మీ పని అయిపోయినట్టే," అంది కారిన్. "అవతల ఇంకొకరు ఎదురుచూస్తూ ఉంటారు. నవ్వుతూ ఒక్కటే మాట చెప్పండి. 'వచ్చే వారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం.' నేను ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను ఇది."

ఆ పెద్దాయన ఆర్వో లేటినెన్, ఆయనా థెరపిస్టే. తొమ్మిదేళ్లుగా ప్రతి మంగళవారం పది గంటలకు కారిన్ వెళ్లి కూర్చునేది ఆయన ఎదుటే. అందరికీ చెప్పే మనిషికి కూడా చెప్పుకోవడానికి ఒకరు కావాలి. పాత బేకరీ మీద ఆయన గది. డెబ్బై ఒకటో ఏట కూడా ఇస్త్రీ చొక్కా, మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెటరు. లోపలికి రాగానే ఎప్పుడూ ఒకటే అడుగుతాడు, "ఎలా ఉన్నావు కారిన్?" అని. "బాగానే ఉన్నానండీ," అంటుంది కారిన్. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ జవాబు మారలేదు. తల్లి పోయినప్పుడు కూడా మారలేదు.

శుక్రవారం టపాలో ఆర్వో దగ్గర నుంచి కవరొచ్చింది. కారిన్ పోస్టు డబ్బా దగ్గరే నిలబడి చింపింది.

"ప్రియమైన కారిన్, మనం కలిసి నడవాల్సిన దారి చివరికి వచ్చాం. ఇక ముందు దారికి మీ కాళ్లే చాలు. ఇది నేను మీ చెయ్యి వదలడం కాదు, మీ నడక మీద నాకున్న నమ్మకం. ఇంకో నాలుగు సార్లు కలుసుకుని..."

రెండు వాక్యాలు చదివేసరికి, బాగా రాశాడే అనుకుంది. ఖర్మ కాకపోతే ఏమిటి! మూడో వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివింది. అది ఆమె వాక్యమే. పదకొండేళ్ల కిందట ఇదే ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర నాలుగు రోజులు కూర్చుని కొట్టేసి, దిద్ది, మళ్లీ రాసిన వాక్యం.

అప్పట్లో కారిన్‌కు సొంత ప్రాక్టీసు ఉండేది. వారానికి ముప్ఫై ఆరు మంది. వాళ్లలో లోరెట్టా అని స్కూలు బస్సు నడిపే ఆవిడ ఒకరు. చెరువు మీద గట్టిపడని మంచులోకి జారి చనిపోయిన తమ్ముడి సంగతి ప్రతివారం మొదటి నుంచి చివరి దాకా చెప్పేది. ఒక్క వారం మానేది కాదు. వచ్చేటప్పుడు పెరట్లో పెంచిన రూబార్బు అనే పుల్లటి కాడలతో ఏదో ఒక తీపి చేసి పట్టుకొచ్చేది. కారిన్‌కు ఆ కథ వినే ఓపిక అయిపోయింది. గురువారం పొద్దున్నే లోరెట్టా బూట్ల చప్పుడు మెట్ల మీద వినపడితే, పది లెక్కపెట్టుకుని గానీ తలుపు తీసేది కాదు. అలిసిపోయాను, నావల్ల కాదు అని చెప్పడానికి నోరు రాక, నువ్వు బాగుపడ్డావు అని ఉత్తరం రాసింది. చివరి రోజున లోరెట్టా తలుపు పిడి పట్టుకుని, "నావల్లేమైనా తప్పు జరిగిందా అమ్మా?" అని అడిగింది. కారిన్ గడియారం వంక చూసి, "మన టైమ్ అయిపోయింది లోరెట్టా," అంది.

ఆ ఉత్తరం ఎంత బాగుందో అని తోటివాళ్లు అడిగి పట్టుకెళ్లారు. ఈ బుధవారం తరగతులు అలా మొదలయ్యాయి. లోరెట్టా ఏమైందో తెలియదు. ఇప్పటికీ పసుపురంగు బస్సు ఎదురొస్తే కారిన్ కళ్లు పిల్లల మీదికి పోవు, డ్రైవరు సీటు మీదికే పోతాయి.

ఆర్వో దగ్గరికి మొట్టమొదటిసారి వెళ్లింది ఈ సంగతి చెప్పుకోవడానికే. చెప్పకుండానే తొమ్మిదేళ్లు గడిచాయి. అంత నిబ్బరంగా కూర్చుని, అంత చక్కగా మాట్లాడి, "బాగానే ఉన్నాను" అనే మనిషిని ఆర్వో ఏ కుప్పలో వేస్తాడు? మూడో కుప్పలోనే వేశాడు. ఆయన స్థానంలో కారిన్ ఉన్నా అక్కడే వేసేది.

నిజం చెబితే ఆయన తనను తప్పకుండా మొదటి కుప్పలోకి మార్చుకుంటాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. చేతిలో నాలుగు మంగళవారాలు ఉన్నాయి.

మొదటి మంగళవారం కోపంతో పోయింది. ఉత్తరం అందిందా అని ఆయన అడిగితే, "అందింది. చాలా బాగుంది," అని ముక్తసరిగా అంది. రెండో వారం మంచు తుఫానుకు రోడ్లు మూసేస్తే ఫోన్లో మాట్లాడుకున్నారు. ఫోన్లో చెప్పే సంగతా అది? మూడో వారం ఆర్వో తనంతట తానే నోరు విప్పాడు.

"ఐలీకి చూపు పోతోంది," అన్నాడు. ఐలీ ఆయన భార్య. "మొన్న ఉప్పు అనుకుని సబ్బుపొడి వేసింది సూపులో. నురగ చూసి ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత తను బాత్రూంలో కూర్చుని ఏడ్చింది. నేను పగలు ఇంట్లో ఉండాలి కారిన్. పదిమందిని ఉంచుకుని మిగతావాళ్లను..." ఆగాడు. "నీ గురించి నాకు బెంగ లేదు. నువ్వు గట్టిదానివి."

అప్పుడు చెప్పాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్లకు కాస్త వెసులుబాటు దొరికిన ముసలాయన మీద మళ్లీ బరువు ఎలా వేస్తుంది? అలా ఎవరూ వెయ్యకూడదనే కదా నాలుగు వందల మందికి పాఠం చెప్పింది. "ఐలీ గారిని అడిగానని చెప్పండి," అని లేచింది.

నాలుగో మంగళవారం మెట్లెక్కుతూ గట్టిగా అనుకుంది, కూర్చోగానే చెప్పేస్తానని. ఎదురు గది తలుపు మీద చిన్న పేరు పలక కనబడింది. మెకెన్నా డ్రిస్కల్. తొమ్మిదేళ్లుగా ఎక్కుతున్న మెట్లే, ఎన్నడూ తలతిప్పి చూసిన పాపాన పోలేదు. ఆ ఎదురు గది పెద్దాయన ఆర్వోయేనన్నమాట, పంచిపెట్టు అన్నది తనే కదా అని గుర్తొచ్చి ఆ పలక రెండోసారి చదివింది.

"ఎలా ఉన్నావు కారిన్?"

"బాగానే ఉన్నానండీ."

అంతే, బండి పాత దారిలో పడింది. సరస్సులో మంచు కరగడం గురించి, ఈ ఏడు రేవుకొచ్చిన మొదటి ఓడ గురించి, ఐలీకి కొన్న పెద్ద అంకెల గడియారం గురించి మాట్లాడుకున్నారు. పదకొండుకి పది నిమిషాలుండగా ఆర్వో లేచాడు. ఎప్పుడూ లేనిది, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. కారిన్ కోటు వేసుకుంది, మఫ్లరు చుట్టుకుంది, నడిచి వెళ్లి తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"ఆ ఉత్తరం నేను రాసిందండీ," అంది తలుపు వైపు చూస్తూనే.

"ఏ ఉత్తరం?"

"మీరు నాకు పంపినది. పదకొండేళ్ల కిందట లోరెట్టా అని ఒకావిడకు రాశాను. ఆవిడ బాగుపడలేదండీ. నేనే అలిసిపోయాను. అది చెప్పలేక, నువ్వు బాగుపడ్డావు పొమ్మన్నాను. ఇన్నేళ్లూ మీ దగ్గరికి వస్తున్నది ఈ మాట చెప్పడానికే."

ఆర్వో ముఖం ఒక్కసారి మెత్తబడింది. నలభై ఏళ్ల అలవాటు మనిషికన్నా ముందు మాట్లాడింది.

"ఇది చాలా పెద్ద మాట కారిన్. వచ్చే వారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం."

అనేశాక గానీ తనేమన్నాడో ఆయనకు తెలియలేదు. చెయ్యి అప్పటికే బల్ల మీది డైరీ తెరిచింది. వచ్చే మంగళవారం పేజీలో పది గంటల దగ్గర ఆమె పేరును స్కేలు పెట్టి కొట్టేసిన గీత ఉంది. పెన్సిలు పట్టుకుని ఆ గీత వంకే చూశాడు.

"కూర్చో తల్లీ," అన్నాడు పెన్సిలు కింద పెట్టి. "కోటు తీసి కూర్చో. అవతలివాళ్లు కాసేపు ఆగుతారు."

కింద మెట్ల మీద ఎవరో బూట్లకంటిన మంచు దులుపుకుంటున్నారు. వచ్చేది మొదటి కుప్ప మనిషే అయి ఉండాలి. కారిన్ చెయ్యి పిడి మీదే ఉంది.

"పర్లేదండీ," అంది. "నేను బాగానే ఉన్నాను."

పిడి తిప్పి బయటికి నడిచింది.