మేంగ్ అవ్వ వీపు

మా తమ్ముడు సాంగ్పిల్ చేపల ఓడలో ఇంజను చూసేవాడు. ఓడ మరమ్మతుకని మొరాకో దేశంలోని అగాదీర్ రేవులో ఆగినప్పుడు నజాత్ అనే అమ్మాయిని చూశాడు. పెళ్లి చేసుకుని, కొరియాలో మా రేవు ఊరు మోక్పోకు తెచ్చి మా ఇంట దించి, మళ్లీ సముద్రం మీదికి పోయాడు. ఆమెకు మా భాష తొందరగానే పట్టుబడింది. మా చలి మాత్రం పట్టుబడలేదు. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని వణుకుతూ తిరిగేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మార్కెట్లో నా ఆక్టోపస్‌లన్నీ అమ్ముడయ్యాక, "పద, స్నానాలశాలకు పోదాం. ఎముకల్లో చలి అక్కడ తప్ప దిగదు" అన్నాను. ఆమె ముఖం వికసించింది. గబగబా ఒక చిన్న సంచి సర్దుకుని వచ్చింది.

బట్టలు విప్పే గదిలో చిక్కు వచ్చిపడింది. అక్కడ ఆడవాళ్లంతా అన్నీ విప్పేసి, వంటింట్లో తిరిగినట్టు తిరుగుతున్నారు. నజాత్ లోపలి లాగు దగ్గర ఆగిపోయింది.

"వదినా, మా ఊళ్లో ఇలాంటి స్నానాలశాలకు పోయినా ఇది మాత్రం తీయం. అమ్మ ముందైనా సరే."

"ఇక్కడ దాంతో దిగితేనే అందరూ చూస్తారు. తీసేస్తే ఎవరూ చూడరు."

అది అబద్ధం. పరాయి దేశపు పిల్లను ఎలాగూ చూస్తారు. ఆమె నన్ను నమ్మి లాగు తీసేసి, ఉన్న ఒక్క చిన్న తువ్వాలునూ ఒంటికి చుట్టుకుని, జారకుండా పట్టుకుని నా వెనకే వచ్చింది.

లోపల వేడి తొట్టి అంచున మేంగ్ అవ్వ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు రేవులో చేపల బుట్టలు మోసిన వీపు ఆమెది. ఇప్పుడు మోసేదల్లా నోరే.

"ఏమే గ్వియోక్, ఈ పిల్లేనా మీ మరదలు? తువ్వాలు అంత గట్టిగా పట్టుకుంది, లోపల ఏమన్నా దాచిందా?"

తొట్టిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అవ్వ ఆగలేదు.

"ఇసుక దేశపు పిల్ల కదా, నీళ్లు చూసి బెదిరిపోయింది. ఒంటి మట్టి తీయడం దానికేం తెలుస్తుందిలే. నువ్వే రుద్దు."

నేను నోరు తెరిచేలోపే నజాత్ అడిగింది. "అవ్వా, మీ వీపు ఎవరు రుద్దుతారు?"

"నాది నేనే రుద్దుకుంటా. ఇప్పుడే రుద్దుకున్నా కూడా. నువ్వుగింజంత మట్టి దొరికితే చూపించు."

"చూపిస్తాను. ఇటు తిరగండి."

నవ్వులు ఆగిపోయాయి. మేంగ్ అవ్వతో మా ఊళ్లో ఎవరూ అలా మాట్లాడరు. అవ్వ ఆమెను ఎగాదిగా చూసి, తొట్టి అంచు దిగి ప్లాస్టిక్ పీట మీద వీపు తిప్పి కూర్చుంది.

నజాత్ సంచిలోంచి వాళ్లమ్మ పంపిన నల్లటి జిగట సబ్బు తీసింది. ఆలివ్ నూనె వాసన వేసింది. వీపంతా పూసి ఊరికే కూర్చుంది.

"ఏమే, నిద్రపోయావా?"

"సబ్బు పని చేస్తోంది అవ్వా. దాన్ని చేయనివ్వండి."

కాసేపటికి నీళ్లు పోసి, చేతికి గరుకు తొడుగు వేసుకుంది. మేమైతే గబగబా గీరినట్టు రుద్దుతాం. ఆమె మోకాళ్ల మీద లేచి, ఒంటి బరువంతా అరచేతిలోకి తెచ్చి, నడుము నుంచి మెడదాకా ఒక్క లాగు లాగింది. తువ్వాలు జారి కింద పడింది. ఆమె దాన్ని పక్కకు నెట్టి రెండో లాగు లాగింది.

మట్టి రావడం మొదలైంది. ముందు సన్నటి పోగులు, తర్వాత సేమ్యాలా బూడిదరంగు ముక్కలు. భుజాల మధ్య, అవ్వ చెయ్యి ఏళ్ల తరబడి అందని చోట, అది ముద్దలు కట్టి వచ్చింది. ఆడవాళ్లు తొట్టిలోంచి లేచి చుట్టూ మూగారు.

"అవ్వా, ఇందులో నాట్లు వేసుకోవచ్చు" అంది ఒకామె.

నజాత్ తొడుగును అవ్వ కళ్ల ముందు పెట్టింది. అవ్వ దాన్ని చాలాసేపు చూసింది. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను.

"ఎడమ పక్క అలాగే ఉంది" అంది అవ్వ. "నిన్ను ఆపమని ఎవరన్నారు?"

స్నానాలశాల అంతా ఘొల్లుమంది. పని ముగిసేసరికి అవ్వ వీపు ఉడికిన పీతలా ఎర్రగా మెరుస్తోంది. ఆమె కళ్లు మూసుకుని, "పెళ్లినాటి ఒళ్లు తిరిగొచ్చిందే పిల్లా" అని గొణిగింది. అప్పటికే తక్కిన వాళ్లు పీటలు లాక్కుని వరసలో కూర్చున్నారు. నజాత్ నిండా తడిసి, నూలుపోగు లేకుండా, నడుం మీద చెయ్యి వేసుకుని వాళ్ల ముందు నిలబడింది.

"ముందు మా వదిన" అంది.

అంతమందిలో నేను ముందుకు వెళ్లి కూర్చున్నాను. అంత దర్జాగా నా జన్మలో ఎక్కడా కూర్చోలేదు.

తర్వాత బట్టలు తొడుక్కుని, నేల వెచ్చగా ఉండే విశ్రాంతి గదిలో అందరం పడుకున్నప్పుడు, అవ్వ అక్కడ అందరూ చేసినట్టే ఒక తువ్వాలును గొర్రె చెవుల్లా చుట్టి నజాత్ తలకు తొడిగింది. అక్కడ అమ్మే కాల్చిన గుడ్డును కొని, తన నుదుటికే కొట్టి పగలగొట్టి, వలిచి చేతిలో పెట్టింది.

"మీ అమ్మే నేర్పిందా?"

"అవును. అమ్మ ఇంకా గట్టిగా రుద్దుతుంది. ఏడుపొస్తుంది."

"అయితే పిలిపించు. నేను ఏడ్చి చాలా ఏళ్లయింది."

నజాత్ పకపకా నవ్వి అప్పటికప్పుడు వాళ్లమ్మకు వీడియో ఫోన్ చేసింది. జరిగిందంతా వాళ్ల భాషలో చెప్పింది. అవ్వ వీపును గాలిలో చేతులతో గీసి మరీ చూపించింది. తెరలో కనిపిస్తున్న ఆ తల్లి ఊపిరి పీల్చి, నాలుక ఆడిస్తూ, వాళ్ల పెళ్లిళ్లలో ఆడవాళ్లు సంతోషంతో పెట్టే కూత ఒకటి పెట్టింది. నిద్రపోతున్నవాళ్లు లేచి కూర్చున్నారు. మేంగ్ అవ్వ ఫోన్ లాక్కుని, పళ్లు లేని నోటితో అదే కూత తిరిగి పెట్టింది.