తొంభై తొమ్మిది ప్రశ్నలు, నూరు జవాబులు

నేను ఒక స్పైరల్ బైండింగు పుస్తకాన్ని. పుస్తకం అంటే గౌరవం కాస్త ఎక్కువవుతుంది. పాలకొండ బస్టాండు పక్కన జిరాక్సు యంత్రంలోంచి వేడివేడిగా ఊడిపడ్డ పాతిక కాగితాల కట్టని. నర్సింగు ప్రవేశ పరీక్షకి పనికొచ్చే ప్రశ్నలు నాలో ఉన్నాయి. నన్ను ఒకవైపే చదవాలి. రెండోవైపు తిప్పితే ఎవరిదో పొలం పాసుపుస్తకం, ఇంకెవరిదో గృహప్రవేశం ఆహ్వానం సగం సగం కనిపిస్తాయి. పాడైన కాగితాలను పారేయడానికి మనసొప్పని షాపు యజమాని చిన్నంనాయుడు వాటి వెనక నన్ను అచ్చువేసి, ఏమీ పుచ్చుకోకుండా సన్యాసమ్మ చేతిలో పెట్టాడు. వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉన్న పది రోజులూ ఆ ముసలమ్మకి తల దువ్విన మనిషి సన్యాసమ్మేనట.

అంతకు ముందు నాకు ఒళ్లు లేదు. ఫోన్లలో తిరిగే ఉచిత ఫైలుని. పద్నాలుగు వేలమంది ఉన్న ఒక గ్రూపులో నా నివాసం. ఉచితంగా దొరికినదాన్ని మనుషులు చదవరు, దాచుకుంటారు. నన్ను దించుకున్న ప్రతివాడూ ‘థాంక్యూ సార్’ అని రాసి, చదివేసినంత తృప్తితో ఫోను జేబులో పెట్టుకునేవాడు. అలా చేతులు మారుతుండగా ఒక కోచింగు సెంటరు పెద్దమనిషి నాలోని నలభయ్యో ప్రశ్నను పీకేసి, ఆ ఖాళీలో నవ్వుతున్న తన ఫొటో పెట్టుకున్నాడు. మిగతా ప్రశ్నలకు శ్రద్ధగా కొత్త నంబర్లు వేశాడు. చివరి పేజీలో ఉన్న జవాబుల పట్టికను మాత్రం ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి, నలభయ్యో నంబరు మొదలుకొని నాలోని ప్రతి ప్రశ్నకీ పక్క ప్రశ్న జవాబే గతి అయింది. పద్నాలుగు వేలమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. రావాలంటే ముందు చదవాలి కదా.

సన్యాసమ్మకి ముప్పై నాలుగేళ్లు. పెళ్లికి ముందు ఇంటర్ పాసై, పదకొండేళ్లుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయాగా చేస్తోంది. నర్సింగు స్కూల్లో చేరడానికి వయసు పరిమితి ఈ ఏటితో దాటిపోతుంది. ఈ పరీక్ష తప్పితే ఇంకో పరీక్ష లేదు. అందుకని రోజూ మధ్యాహ్నం దొరికే గంట విరామంలో, ఆస్పత్రి చీర మార్చుకోకుండానే శాఖా గ్రంథాలయానికి వచ్చేది.

అక్కడ పరీక్షకి చదివే కుర్రకారు అరడజను మంది. వాళ్ల నాయకుడు దాలినాయుడు. అతని ఫోనులో మూడు వందల పన్నెండు ఉచిత ఫైళ్లున్నాయి. ఆ సంఖ్య అతనికి ఎప్పుడూ గుర్తుండేది, లోపలున్నదే గుర్తుండేది కాదు. వాళ్ల చదువు పద్ధతి చూసి తీరాలి. ప్రశ్న చదవడం కాలయాపన. దాలినాయుడు “నలభై ఒకటి” అంటాడు, అందరూ “బి” అంటారు. “నలభై రెండు” అంటే “డి”. ఈ భజన సాగనివ్వడానికి గ్రంథపాలకులు వరహాలుగారు ‘నిశ్శబ్దము’ అన్న బోర్డును గోడవైపు తిప్పి పెట్టారు. ఆయన అంతకంటే పెద్ద సాయం ఏం చేయగలరు?

సన్యాసమ్మకి భజన పట్టుబడేది కాదు. ప్రశ్న చదివేది. ఒకరోజు అరవై మూడు దగ్గర ఆగిపోయింది. స్పృహ లేని రోగిని ఎలా ఉంచాలి అని ప్రశ్న. పట్టిక ప్రకారం జవాబు ‘ఎ’: వెల్లకిలా పడుకోబెట్టి గొంతులో నీళ్లు పోయాలి.

“ఇది తప్పు బాబూ. తెలివి తప్పినోడి గొంతులో నీళ్లు పోస్తే ఊపిరాడక సచ్చిపోతాడు,” అంది.

“ఇది టాపర్ నోట్సు అక్కా. పద్నాలుగు వేలమంది సదువుతున్నారు. ఒక్కడైనా సచ్చిపోయాడేటి?” అన్నాడు దాలినాయుడు.

“సచ్చేది సదివినోడు కాదు నాయనా, పడుకున్నోడు.”

అందరూ నవ్వారు. “అన్నీ ఆలోసిస్తావు, అందుకే నీకేటీ గుర్తుండదు,” అని దాలినాయుడు జాలిపడ్డాడు. ఆ జాలి ఆమెకు బాగా తగిలింది. అచ్చులో ఉన్నది తప్పు అనడానికి ఆయా ఎవరు? రెండు రోజులు తన చేతులకు తెలిసినదాన్ని మరిచిపోవడానికి కష్టపడింది. అరవై మూడు పక్కన పెన్సిలుతో ‘ఎ’ అని రాసుకుంది కూడా.

మూడో రోజు ఆస్పత్రికి మూర్ఛ వచ్చిన ఆటోడ్రైవరును తెచ్చారు. సిస్టరమ్మ అతన్ని పక్కకు ఒత్తిగిలించింది. తల పట్టుకున్నది సన్యాసమ్మ. నురగ బయటికి పోయింది, అతను ఊపిరి తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె నేరుగా వచ్చి, వేలు పెట్టి నా ప్రశ్నలు లెక్కపెట్టింది. తొంభై తొమ్మిది. జవాబులు లెక్కపెట్టింది. నూరు. వెనక్కి తిప్పుకుంటూ వెళ్లి, ముప్పై తొమ్మిది తర్వాత నవ్వుతున్న ఫొటో దగ్గర వేలు ఆపింది. తర్వాత నలభై నుంచి ఒక్కొక్క జవాబూ పక్కకు జరుపుతూ పోయింది. రోగులంతా బతికారు.

ఆమె లెక్క చూపించాక, ఇది నిజమేనా అని దాలినాయుడు గ్రూపులో పెట్టాడు. గ్రూపు నడిపేవాడు దణ్ణం పెడుతున్న బొమ్మ ఒకటి పంపి, నిరుత్సాహపరిచే సభ్యులకు ఇక్కడ చోటు లేదంటూ అతన్ని తీసేశాడు. “నీ వల్ల నా మెటీరియలంతా పోయిందక్కా,” అని దాలినాయుడు మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పట్టికను మాత్రం వదల్లేదు. ఇద్దరమ్మాయిలు ఎవరూ చూడకుండా వచ్చి, ఆమె దిద్దినవి పెన్సిలుతో ఎక్కించుకుపోయారు.

పరీక్షలో నా ప్రశ్నలు చాలానే వచ్చాయి. ఎలా రాశావని వరహాలుగారు అడిగితే, “కాయితం నిండా నాను ఎత్తి పడుకోబెట్టినోళ్లే సారూ,” అంది. శ్రీకాకుళంలో నర్సింగు సీటు వచ్చింది. పట్టికలోని అక్షరాలనే భక్తితో రాసిన దాలినాయుడు, ఈసారి పేపరే తప్పుగా ఇచ్చారని ఇప్పటికీ చెబుతున్నాడు. వినేవాళ్లు ఉన్నారు.

వెళ్లేముందు సన్యాసమ్మ నన్ను గ్రంథాలయానికి ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ జవాబుల పేజీ చించేసింది. దిద్దినవే కదమ్మా, ఉంచొచ్చుగా అన్నారు వరహాలుగారు.

“ఉంచితే మళ్లీ అచ్చరాలే బట్టీ పడతారు సారూ,” అంది.

ఇప్పుడు అందరూ నన్ను చివరినుంచే తెరుస్తారు. జవాబులు లేవని తెలియగానే, మోసం జరిగినట్టు మొహం పెట్టి తిరిగి పెట్టేస్తారు. నాకు అలవాటైపోయింది. నిన్న ఒక అమ్మాయి కూడా అలాగే చివరి పేజీ వెతికి, విసుక్కుని, మూయబోయి, ఎందుకో మొదటికి తిప్పింది. కాలేయం ఏ వైపున ఉంటుంది అన్న ప్రశ్న చదివింది. చుట్టూ చూసింది. ఎవరూ గమనించడం లేదని తేల్చుకుని, ఎడమ పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించి కాసేపు ఆలోచించింది. తర్వాత ఆ చేతిని మెల్లగా కుడివైపుకు జరిపింది.