ఈశాన్య మూల బియ్యం

తవ్వకాల అధికారి షెన్ గ్వాంగ్‌యావ్‌కు గుండె ఆగినంత పనైంది. అతని కింద పనిచేసే గింజల నిపుణురాలు ల్వో యింగ్చ్యూ నీళ్ళ పీపా పక్కన నిలబడి, సన్నని జల్లెడగుడ్డ ముందుకు చాపి నవ్వుతోంది. తవ్విన మట్టిని పీపాలో కలిపితే, వేల ఏళ్ళ కిందట మాడిన గింజలేమైనా ఉంటే పైకి తేలతాయి. ఇవాళ తేలాయి. గుడ్డ మీద గుప్పెడు బియ్యపు గింజలు, బొగ్గులా నల్లగా ఉన్నాయి.

"అట్టడుగు పొర సార్. మనిషి వరి నాటడం మొదలుపెట్టిన కాలం నాటి పొర."

"ఏ మూల మట్టి?"

"ఈశాన్య మూల. నిన్న కొట్టించిన గట్టు కింద."

షెన్ ఆ బియ్యాన్ని వెంటనే గుర్తుపట్టాడు. గుర్తుపట్టక ఏం చేస్తాడు, అమ్మ వంటింటి డబ్బాలోంచి తీసుకొచ్చింది తనే.

చచ్చినవాళ్ళ ఇల్లు తవ్వేవాడు ముందు వాళ్ళకింత తిండి పెట్టాలి. చింగ్‌షీ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. తవ్వకాల శాఖలో మాత్రం ఎవరికీ తెలియదు. అక్కడ అందరూ శాస్త్రజ్ఞులు, అందరూ పార్టీ సభ్యులు, పూజలు చేసినట్టు తెలిస్తే పదవి పోతుంది. అందుకని ఎవరి బియ్యం వాళ్ళు చాటుగా తెచ్చుకుంటారు.

కొంగలదిబ్బ మీద తవ్వకం మొదలైన రోజు, కూలీలు రాకముందే షెన్ వచ్చాడు. చచ్చినవాళ్ళకు డబ్బుగా చేరతాయని అమ్మ తగరపు కాగితంతో మడిచిచ్చిన వెండికడ్డీలను బిస్కెట్ డబ్బాలో వేసి అంటించాడు. మంట మీద గుప్పెడు బియ్యం పోశాడు. పెద్దలకు దండం పెట్టాడు. మామూలు మనిషైతే ఆ బూడిద అక్కడే గాలికి వదిలేసి ఇంటికి పోయేవాడు. షెన్ మామూలు మనిషి కాదు, శాస్త్రజ్ఞుడు. సాక్ష్యం మిగలకూడదు. పొడవాటి గొట్టపు పారతో సన్నని బొరియ వేశాడు. పనిమంతుడు కాబట్టి అట్టడుగు పొర దాకా వేశాడు. బియ్యం, బూడిద అందులోకి జారవిడిచి, పైకి తీసిన మట్టిని రంగుల వారీగా మళ్ళీ నింపాడు. బూడిదరంగు మీద బూడిదరంగు, ఎరుపు మీద ఎరుపు. దేశంలో ఏ నిపుణుడూ కనిపెట్టలేనంత చక్కగా కుదిరింది. ఆ రోజంతా తన పనితనానికి తనే మురిసిపోయాడు.

చోటు కూడా ఆలోచించే ఎంచుకున్నాడు. తవ్వే ప్రతి చదరంలోనూ ఉత్తరాన, తూర్పున మట్టిగట్లు వదులుతారు. పొరలు చదవాలంటే అవి నిలబడి ఉండాలి. ఆ రెండు గట్లూ కలిసే ఈశాన్య మూలను ఆఖరి దాకా ఎవరూ ముట్టుకోరు. ఆ మూల వాళ్ళ వృత్తికి ఇనప్పెట్టె లాంటిది.

ఆ పెట్టెను జిల్లా పార్టీ కార్యదర్శి పాన్ పగలగొట్టించాడు. చూడ్డానికొచ్చి, "ఈ గోడలేంటయ్యా మధ్యలో, టీవీ వాళ్ళకు అడ్డం. కొట్టెయ్యండి," అన్నాడు. కొట్టేశారు.

ఇప్పుడు బియ్యం తేలింది. భోజనాల వేళకల్లా పాన్ కారు దిబ్బ ఎక్కింది.

పాన్‌కు ఒక జబ్బుంది. దాని పేరు లింగ్‌టాన్. పక్క జిల్లా. అక్కడ తొమ్మిది వేల ఏళ్ళ బియ్యం దొరికిందని మ్యూజియం కట్టారు. దాని ముందు ఆగే బస్సులు తలుచుకుంటే పాన్‌కు నిద్ర పట్టదు.

"పదివేల ఏళ్ళు," అన్నాడు పాన్, గింజల వైపు చూడకుండానే.

"ఇంకా పరీక్షలు కాలేదండీ," అన్నాడు షెన్. "పైగా ఈ గింజలకు పైపొర లేదు. మరలో ఆడించినట్టున్నాయి."

"అంటే మనవాళ్ళు అప్పుడే అంత తెల్లగా దంచేవాళ్ళన్నమాట. లింగ్‌టాన్ వాళ్ళు దంచారా?"

"అన్నీ ఒకే సైజులో ఉన్నాయి. అనుమానించాలి."

"విత్తనాలు ఏరుకున్నారయ్యా. తెలివైనవాళ్ళు. మన జిల్లా."

అంతలో యింగ్చ్యూ సూక్ష్మదర్శిని మీద నుంచి తలెత్తింది. "సార్, బూడిదలో తళుకు ముక్కొకటి ఉంది. తగరంలా ఉంది."

పాన్ కుర్చీలో కూర్చుండిపోయాడు. "లోహం కూడా మనదేనా?" అన్నాడు, ఎవరికో బిడ్డ పుట్టిన కబురు విన్నట్టు.

షెన్ నోరు మూసుకున్నాడు. ఇంకొక్క మాటంటే ఆ బూడిదలో విమానం కూడా దొరికేలా ఉంది. అతను కాదన్న ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్ళు అతని వినయానికి తలలూపారు. ఇంత వినయం ఉన్నవాణ్ణి కొత్త మ్యూజియానికి డైరెక్టరుగా వెయ్యాలని పాన్ అక్కడికక్కడే తేల్చేశాడు.

యింగ్చ్యూ మాత్రం తన పని తాను చేసింది. కొన్ని గింజలు సీసాలో వేసి, పెట్టెలో సర్ది, వయసు తేల్చే ప్రయోగశాలకు పంపడానికి సిద్ధం చేసింది. బండి సాయంత్రం బయల్దేరుతుంది.

షెన్ లెక్క వేసుకున్నాడు. ప్రయోగశాలలో యంత్రం పాన్ మొహం చూడదు. ఈ బియ్యం పోయినేటి పంట అని చెప్పేస్తుంది. అప్పుడు ఎవరూ దాన్ని మూఢనమ్మకం అనరు, మోసం అంటారు. గింజలు తెచ్చి పాతిపెట్టిన దొంగ అంటారు. ఈ దేశంలో తవ్వకాల పాఠం చెప్పే ప్రతి క్లాసులోనూ అతని పేరు చెప్పి నవ్వుతారు. బండి కదిలేలోపు నోరు విప్పితే పోయేది పదవి ఒక్కటే. 'పనిచోట మూఢనమ్మకాలు' అని పత్రికలో తనే వ్యాసం రాసి ఉన్నాడు కాబట్టి పదవి పోవడం ఖాయం. పేరు మాత్రం మిగులుతుంది.

పేరే కావాలనుకున్నాడు.

నిపుణుల సమావేశం మధ్యాహ్నం జిల్లా కార్యాలయంలో జరిగింది. తవ్వకం తనిఖీకని ముందురోజే రాజధాని నుంచి వచ్చిన పెద్దలు మూతల కప్పుల్లో టీ తాగుతున్నారు. అధ్యక్షుడు ప్రొఫెసర్ యాన్ పోహెంగ్. లింగ్‌టాన్ బియ్యం కనిపెట్టింది ఆయనే. దాని పక్క జిల్లాలో ఇంకా పాత బియ్యం దొరికిందన్న కబురు ఆయన మొహాన్ని పుల్లటి ఆవకూర పచ్చడిలా చేసేసింది.

షెన్ లేచి నిలబడ్డాడు. "ఆ బియ్యం నాది. తవ్వకానికి ముందు పెద్దలకు పెట్టాను. తగరపు కాగితం కూడా నేనే కాల్చాను. ఏ శిక్షయినా వెయ్యండి. ఆ పెట్టెను మాత్రం పంపకండి."

పాన్ మొహం ఎర్రబడింది. "నీకు మతి పోయిందా? వ్యాసాలు రాస్తావు, బియ్యం కాలుస్తావా? వినండి, ఏమంటున్నాడో. మీరంతా మాట్లాడరేం?"

ఒకాయన కప్పులో టీ ఆకు ఎటు తిరుగుతోందో చూస్తున్నాడు. ఇంకొకాయన బూట్ల లేసు ముడి విప్పి మళ్ళీ వేసుకుంటున్నాడు.

"ఏ మూలలో?" అన్నాడు ప్రొఫెసర్ యాన్ మెల్లగా.

"ఈశాన్య మూలండీ. ఇంకెక్కడ పెడతాం."

"గొట్టపు పారతోనా?"

"అవునండీ."

"మట్టి పొర ప్రకారం నింపావా?"

"నింపాను."

"మరి అందరూ అలాగే కదా..." అనబోయాడు చివర కూర్చున్న కుర్రనిపుణుడు. పక్కాయన గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు బల్ల చుట్టూ తిరిగి వచ్చింది.

పాన్‌కు తప్ప ఆ గదిలో అందరికీ విషయం అర్థమైంది. ఒక్కొక్కరి కళ్ళలో ఒక్కో మూల కనిపించింది. తాము తవ్వించిన చోట్లు, ఆఖర్న కొట్టించిన గట్లు, ఆ గట్ల కింద దొరికి తమకు బిరుదులు తెచ్చిపెట్టిన గింజలు.

యాన్ కళ్ళద్దాలు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు. "షెన్ పార్టీ సభ్యుడు. మూఢనమ్మకాల మీద వ్యాసం రాసినవాడు. అలాంటివాడు ఇలాంటి పని చెయ్యడు. చెయ్యడు కాబట్టి ఆ బియ్యం అతనిది కాదు. అతనిది కానప్పుడు అది ప్రాచీనులది. ఎండలో పనిచేసి అలిసిపోయాడు పాపం."

"నేను బాగానే ఉన్నానండీ. చేతులారా..."

"కూర్చో నాయనా. నీళ్ళు తాగు."

పాన్ ఊపిరి పీల్చుకున్నాడు. "మరి ప్రయోగశాల?"

"వయసు తేల్చాలంటే గింజను కాల్చి పొగ చెయ్యాలి," అన్నాడు యాన్. "జాతి సంపద. కాల్చమంటారా? ఎవరైనా కాల్చమనే వాళ్ళుంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"అయితే మన బియ్యం లింగ్‌టాన్ కంటే పాతదేనా?" అన్నాడు పాన్.

యాన్ పళ్ళు కొరుక్కున్నాడు. "కొంచెం పాతది."

"కొంచెమంటే ఎంతండీ? మ్యూజియం కడుతున్నాం."

"వెయ్యేళ్ళు పెట్టుకోండి."

సమావేశం అయ్యాక వసారాలో షెన్ యాన్‌ను పట్టుకున్నాడు. "గురువుగారూ, లింగ్‌టాన్ గింజలు ఏ మూలలో దొరికాయి?"

యాన్ టోపీ పెట్టుకున్నాడు. "నువ్విప్పుడు మ్యూజియం డైరెక్టరువి. గింజల సంగతి మాకొదిలేసి మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకో. జనం వాటినే గుర్తుంచుకుంటారు."

కార్యాలయం ముందు బండి ఇంజను నడుస్తోంది. యింగ్చ్యూ పెట్టె పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"వెళ్ళమంటారా సార్?"

ఆ అమ్మాయికైనా నిజం చెప్పాలని మెట్లు దిగుతున్నంతసేపూ అనుకున్నాడు షెన్. గదిలో అంతమంది ముందు చెప్పినవాడికి ఇదేం కష్టం కాదు. కానీ అక్కడ పదవి ఎలాగూ పోయేదేననుకుని చెప్పాడు. ఇప్పుడు పదవి వచ్చింది.

"జాతి సంపదమ్మా," అన్నాడు. ఆ గొంతు యాన్ గొంతులాగే ఉండడం తనకే వినిపించింది. "కాల్చకూడదని నిర్ణయించారు."

"ఒక్క గింజ చాలు సార్. అందులో సగమైనా చాలు. మిగతావి అద్దాల బీరువాలో పెట్టుకోండి."

"సగం కూడా కుదరదు."

"శిక్షణ క్లాసులో మీరే కదా సార్, పరీక్ష చెయ్యనిదాన్ని నమ్మొద్దన్నారు."

"క్లాసు వేరు."

ఆమె పెట్టె అతని చేతుల్లో పెట్టింది. అది ఖాళీదేమో అనిపించేంత తేలిగ్గా ఉంది. డ్రైవరు విసుక్కుంటూ ఒట్టి బండితో వెళ్ళిపోయాడు.

"అయితే చీటీ మీద ఎన్నేళ్ళని రాయను?" అంది యింగ్చ్యూ, కలం తీసి.

"పదివేలు," అన్నాడు షెన్, పెట్టెను చంకలో పెట్టుకుంటూ. "సుమారుగా అని రాయకు. లింగ్‌టాన్ వాళ్ళు కూడా రాయలేదు."