రామ్ ప్రసాద్ వాళ్ళ ఊరి మట్టి

ఆముదం రాసిన కాగితాల మీంచి పురుగుల్ని ఒక్కొక్కటే పీకి భూతద్దం కింద పెట్టడం నా ఉద్యోగం. ఫిజీ రాజధాని సువాలో ఆరోగ్యశాఖ జీతమిస్తే చేస్తాను. ఈసారి మాత్రం సెలవు పెట్టి, రాకిరాకి దగ్గర మా పోతయ్య మామ ఇంట్లో సొంత ఆముదంతో చేస్తున్నాను. దోమలు అంటుకున్నాయి, రెక్కల చీమలు అంటుకున్నాయి, పేరు తెలియని ముసురు పురుగులు అంటుకున్నాయి. నేను వెతుకుతున్న ఈగ మాత్రం రాలేదు. రాదని నాకు ముందే తెలుసు. లేనిదాన్ని లేదని చూపించడమంత విసుగు పని ఇంకోటి లేదు.

మామ కిందటేడాది ఇండియా వెళ్ళాడు. గయలో తాతకి పిండం పెట్టి నేరుగా ఇంటికి రావాల్సిన మనిషి, స్నేహితుడు రామ్ ప్రసాద్ కోసం బీహార్‌లో వాళ్ళ తాత పుట్టిన ఊరు వెతుక్కుంటూ పోయాడు. ఇద్దరి తాతలూ గిర్మిట్ రోజుల్లో, ఒప్పంద కూలీలుగా ఓడెక్కి ఈ దీవులకొచ్చి, ఒకే కూలీ లైన్లో బతికారు. తమ ఊరి మట్టి గుప్పెడు తెచ్చిపెట్టమని రామ్ ప్రసాద్ అడిగాడు. మామ ఆ ఊళ్ళో, పశువుల కొట్టం పక్కన మట్టింట్లో, వానలకి దారులు తెగి, వానాకాలమంతా ఉండిపోయాడు. ఇసుక ఈగకి అలాంటి చోటే కావాలి. గోడ నెర్రెల్లో దాక్కుంటుంది, పేడ కలిసిన తడి మట్టిలో గుడ్లు పెడుతుంది. దోమకంటే చాలా చిన్నది. సరిగ్గా ఎగరడం కూడా రాదు, గెంతుతుంది. చీకటి పడ్డాక వచ్చి కుడుతుంది.

తిరిగొచ్చిన కొన్నాళ్ళకి మామకి విడవని జ్వరం, కడుపులో బల్ల, అంటే ప్లీహం వాపు. ఆ ఈగ కాటుతో వచ్చే కాలా అజార్ అని తేలేసరికి మనిషి సగమయ్యాడు. మందు పడింది కాబట్టి బతికాడు.

ఇప్పుడు ఆయన చెరకు కోతకొచ్చింది, కోత గ్యాంగ్ రానంటోంది. ఆ పొలంలో ఈగలున్నాయట, కుడితే తమకీ అదే జబ్బట. ఇక్కడి పెనాంగ్ చక్కెర మిల్లు మూతపడ్డాక చెరకంతా లారీల్లో బా అనే ఊరి మిల్లుకి వెళ్ళాలి. బా మిల్లు సీజన్ ముగిసేలోపు కోయకపోతే మామ ఏడాది కష్టం పొలంలోనే ఎండిపోతుంది. గ్యాంగ్ సర్దార్ ఎవరో కాదు, ఆ రామ్ ప్రసాదే. ఎవరి ఊరి కోసం ఈయన చావు దాకా వెళ్ళొచ్చాడో ఆ మనిషే రానంటుంటే నాకు ఒళ్ళు మండింది.

సాయంత్రం వాళ్ళ షెడ్డుకి వెళ్ళాను. అందరూ యంగోనా గిన్నె చుట్టూ కూర్చుని ఆ మత్తు వేరు రసం తాగుతున్నారు.

"కాకా, సముద్రం ఒడ్డున మడ చెట్ల దగ్గర మనల్ని కుట్టేవి వేరే జాతి. వాటితో ఈ జబ్బు రాదు. ఆ బీహార్ ఈగ ఈ దీవుల్లోనే లేదు" అని ఫిజీ హిందీలో చెప్పాను. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

రామ్ ప్రసాద్ కొబ్బరి చిప్ప ఖాళీ చేశాడు. నా మొహం చూడలేదు. "నై బేటీ. ఆ ఖేత్‌లోకి నా ఆద్మీలని పంపను."

సర్దార్ మాటే గ్యాంగ్ మాట.

పొద్దున్నే ఆయన ఒక్కడే వచ్చాడు. చంకలో ఎర్రగుడ్డ చుట్టిన పాలపొడి డబ్బా ఉంది. మామ వరండాలో మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

"అందరి ముందు చెప్పలేకపోయా బేటీ" అన్నాడు రామ్ ప్రసాద్. "ఇది భయ్యా తెచ్చిన మా గాఁవ్ మట్టి. సగం పూజాలో పెట్టుకున్నా. సగం చెరకు నాటిన రోజు ఈ పొలంలో చల్లా, ఇద్దరం భాయిలం కదా అని. ఆ ఈగ మట్టిలోనే గుడ్లు పెడుతుందని డాక్టర్ అన్నాడు. అంటే ఈ పొలం నిండా నేనే చల్లేశా. మా గాఁవే భయ్యాని చంపబోయింది. ఇంక కుర్రాళ్ళని కూడా పంపమంటావా?"

రాత్రంతా మోసిన కోపం ఎటు పోయిందో తెలియదు. డబ్బాలోంచి చిటికెడు మట్టి తీసి భూతద్దం కింద పెట్టాను. ఈగా లేదు, గుడ్డూ లేదు. చెరకు వేళ్ళ పోగులున్నాయి. రోజూ నా కాళ్ళకి అంటుకుంటున్న ఎర్రమట్టి ఉంది.

తలెత్తేసరికి మామ కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"చెప్పొద్దమ్మా" అన్నాడు తెలుగులో. రామ్ ప్రసాద్‌కి మా పాత తెలుగు ఒక్క ముక్క రాదు. "వాళ్ళ మట్టి నాడీ ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకున్నారు. మట్టి తేకూడదంట. ఒట్టి చేత్తో వాడి దగ్గరికి ఎట్టా పోయేది? మన పొలంది ఇచ్చేసినా."

"నిజం చెబితే రేపే కోస్తారు మామా."

"కోస్తారు. మళ్ళీ వాడు దండం దేనికి పెట్టుకుంటాడు?"

నేను డబ్బా మూత పెట్టేశాను.

"భయ్యా ఏమంటాడు?" అని రామ్ ప్రసాద్ అడిగాడు.

"మంచినీళ్ళు అడుగుతున్నాడు కాకా. ఈ డబ్బాలో ఈగలు లేవు. పొలంలోనూ లేవు."

"డబ్బాలో లేవు, సరే. పొలంలో లేవని ఎట్లా చెప్తావు?" పొలం వైపు తిరిగాడు. "నిప్పు పెడితే చస్తాయి కదా? కాల్చి ఇస్తే నేనే ముందు దిగి కోస్తా."

కాల్చిన చెరకు తీపి తరుగుతుంది. వెంటనే మిల్లుకి చేరాలి, ధర కూడా తక్కువ. బా దాకా లారీ, అక్కడ గేటు ముందు లారీల బారు. లేని ఈగ కోసం ఉన్న పంట తగలెడతారా అని గట్టిగా అరిచేశాను. మామ నన్ను వారించాడు. ఫిజీ హిందీలో, రామ్ ప్రసాద్‌కి అర్థమయ్యేలా, "కాల్చెయ్ భయ్యా" అన్నాడు.

గాలి తగ్గాక గ్యాంగంతా కత్తులు పట్టుకుని గట్టు మీద నిలబడింది. డబ్బాలో మట్టిని కూడా రామ్ ప్రసాద్ పెనం మీద వేయించి తెచ్చాడు, ఇంకా వేడిగా ఉంది. మామని కుర్చీతో సహా మోసుకొచ్చి పొలం ఎదుట కూర్చోబెట్టారు. రామ్ ప్రసాద్ చిటికెడు మట్టి తీశాడు.

"మా గాఁవ్ నీకు చేసిన పాపం ఈ మట్టితోనే పోవాలి భయ్యా."

మామ తల వంచి, కళ్ళు మూసుకుని, తన పొలం మట్టిని బొట్టు పెట్టించుకున్నాడు. రామ్ ప్రసాద్ వెనక చెరకు అప్పటికే అంటుకుంది.