బెంచీ మీది ముగ్గురు

గల్ఫ్‌లో, జిదాఫ్స్ దగ్గరి కూలీల క్యాంపులో మనవాళ్ల హాకీ జట్టుకు పెద్ద భూమేష్. లెక్కల్లో దిట్ట, మనుషుల విషయంలో మాత్రం కాస్త మొద్దు. శుక్రవారం ఆటకొస్తే ఓవర్‌టైం పోతుంది గనక క్యాంపంతా చందాలేసుకుని మనిషికి ఆరు దినార్లు ఇచ్చేవారు. మైదానంలో చెమటోడ్చినవాడికీ అంతే, బెంచీ మీద కూర్చున్నవాడికీ అంతే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గెలుపు ఖాయమైతే చివరి ఐదు నిమిషాలు బెంచీవాళ్లు ఆడాలి.

ఆ బెంచీకి పెద్దదిక్కు లింగన్న, యాభైకి దగ్గరపడ్డ మేస్త్రీ. భూమేష్‌కు కర్ర పట్టడం నేర్పింది ఆయనే. జట్టు తొలిసారి ఫైనల్‌కు చేరిన రోజు పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"నెలాఖరుకు నా వీసా ఖలాస్ తమ్మీ. ఇంటికి పోకముందు ఒక్క ఫైనల్ల కర్ర పట్టాలె."

"పట్టిస్త అన్నా. నాది పూచీ."

నిజంగానే పట్టిద్దామనుకున్నాడు. అంతలో ముందువరుస ఆటగాడొకడు సెలవు మీద ఊరెళ్లాడు. ఆ చోటుకు విక్టర్ కనబడ్డాడు. కాకినాడ కుర్రాడు, పాత జట్టుతో చెడి ఖాళీగా ఉన్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఇతని ఆట నిజంగానే రుచి.

"ఇరవై నాలుగు దినార్లండి. తగ్గితే నేను రానండి," అన్నాడు విక్టర్.

భూమేష్ వేళ్లు మడిచాడు. ఊరెళ్లినవాడి ఆరు, బెంచీవాళ్లు ముగ్గురి పద్దెనిమిది. సరిగ్గా సరిపోయింది! ఐదు నిమిషాల ఆటకు ఆరు దినార్లేమిటని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. బెంచీకి ఈసారి పైసలు లేవని మెస్సు గోడ మీద కాగితం అంటించాడు. లింగన్న సంగతి గుర్తొచ్చినా, పైసలు లేకపోతే మాత్రం అన్న రాకుండా ఉంటాడా అనుకున్నాడు.

ఫైనల్ రోజు ఈసా టౌన్ మైదానంలో విక్టర్ మూడు గోల్సు కొట్టాడు. మూడు-ఒకటి. ఇంకా ఐదు నిమిషాలున్నాయి. అప్పటిదాకా ఆట ధ్యాసలోనే ఉన్న భూమేష్ సంతోషంతో వెనక్కి తిరిగి, "అన్నా, యల్లా, దిగు!" అని కేకేశాడు.

బెంచీ మీద నీళ్ల సీసాలు తప్ప ఎవరూ లేరు. ముగ్గురూ జల్లాఖ్ సైటులో ఓవర్‌టైంకు వెళ్లారని అప్పుడు చెప్పారు పక్కవాళ్లు. ఈల మోగింది, కప్పు చేతికొచ్చింది, అందరూ ఎగిరారు. భూమేష్ మాత్రం బెంచీ మీది సీసాలు ఒక్కొక్కటిగా ఏరి సంచిలో వేశాడు. విక్టర్ డబ్బు తీసుకుని, దండం పెట్టి, తన దారిన పోయాడు. అతని తప్పేముంది పాపం.

సాయంత్రం బస్సు దిగిన లింగన్న బట్టల నిండా సిమెంటు. భూమేష్ కప్పు పట్టుకుని ఎదురెళ్లాడు.

"గెలిసిండ్రా? మంచిగైంది," అంటూ లింగన్న కప్పును రెండు చేతులతో తడిమి, తిరిగిచ్చేశాడు.

"అన్నా, ఆఖరి ఐదు నిమిషాలు నీకోసమే సూసిన. పైసలు కోసిన్నని కోపమొచ్చిందా?"

"పైసలదేముంది తమ్మీ. పొద్దుగాల బస్సెక్కేదాంక నీ తలుపు దిక్కే సూస్తనే ఉన్న. రా అన్నా అని ఒక్క మాటంటే ఉత్తగనే వస్తుంటి."

ఆ మాట ఎందుకు అనలేదో భూమేష్‌కే తెలియలేదు. లింగన్న తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.