వడియాలకున్న ఎండ

ఆ ఆదివారం సాధనకు చాలా పనులున్నాయి. బట్టలు పిండుకోవాలి. పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం ముందు పెట్టుకుని రాయాలి. వారానికొక్కటి మింగమన్న గోళీ అన్నం తిన్నాక మింగాలి. అమ్మకు ఫోన్ చేసి బాగున్నానని చెప్పాలి. కోటేశ్వరమ్మ ఆంటీని డాబా తాళంచెవి అడగాలి. అన్నిట్లోకీ ఆ చివరి పనే కొండంతగా కనిపించింది.

దిల్‌సుఖ్‌నగర్ సందులోని ఆ లేడీస్ హాస్టల్‌లో ఆమె గదికి కిటికీ ఉంది గానీ, చెయ్యి చాపితే పక్క బిల్డింగు గోడ తగులుతుంది. తెల్లవారకముందే పోయి సెల్లార్‌లోని స్టడీ హాల్లో కూర్చుంటే మళ్లీ చీకటి పడ్డాకే బయటికి. మధ్యలో రోడ్డెక్కినా, నల్లబడతానని చున్నీ ముఖానికి చుట్టుకునేది. రోజుకు ఒక్క మనిషితోనైనా నాలుగు మాటలు మాట్లాడినట్టు గుర్తు లేదు. మొదట నడుం పట్టేసింది. తరువాత మెట్లెక్కుతుంటే తొడలు పీకడం మొదలైంది. మధ్యాహ్నానికే ఒళ్లు సోలిపోయి, చదివింది బుర్రకెక్కేది కాదు.

"చాతగాకుంటే ఇంటికొచ్చెయ్ బిడ్డా, సదువు సాలు" అంది తల్లి రాములమ్మ. వాళ్లింట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషి సాధన. ఉద్యోగ పరీక్ష దగ్గరకొచ్చింది. ఇప్పుడు సామాను సర్దుకుని పోతే మళ్లీ ఈ ఊరు రానివ్వరని ఆమెకు తెలుసు.

చంపాపేట్ డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "విటమిన్ డి బాగా తక్కువుంది. గోళీ వారానికొక్కటే, తొందరపడి రోజూ మింగకు. పొద్దెక్కాక కాసేపు చేతులకూ కాళ్లకూ నేరుగా ఎండ తగలనియ్" అంది. సాధన తల ఊపింది. తగలనివ్వడానికి ఎండ ఎక్కడుంది?

కోటేశ్వరమ్మ వంటగది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. భీమవరం మనిషి, హాస్టల్ ఆమెదే. తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగు ముడిలోనే.

"ఆంటీ, జర టెర్రస్ తాళంచెవి ఇస్తరా? ఎండల కూసుంటా."

"ఆడపిల్లవి డాబా ఎక్కి కూర్చోడం ఏంటే? ఎదురుగా బాయిస్ హాస్టలు!"

"మరి వంటామె దినాం వడియాలు ఎండబెడతది గద?"

"గుమ్మడి వడియాల్ని చూసి ఈల వేసేవాడెవడే?"

సాధనకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "వడియాలకున్న నసీబు నాకు లేదా ఆంటీ? మెట్లెక్కాల్నంటే గోడ పట్టుకుంటున్న. ఎవరికీ చెప్పుకోలే."

కోటేశ్వరమ్మ ఆమె కాళ్ల వంక చూసింది. "పావురాలు సగం బొక్కేస్తున్నాయి. కాపలా ఉంటానంటే పద" అని ముడి విప్పుతూ లేచింది.

మెట్ల మొదటి మలుపులోనే కోటేశ్వరమ్మ ఆగిపోయింది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి తొడ మీద. సాధన రోజూ నిలబడే తీరే అది.

"మీకు గూడనా ఆంటీ?"

"వయసు కదే. మా ఆయన పోయాక డాబా మొహమే చూళ్లేదు. ఎక్కలేనని ఎవరితో చెప్పను? బాయిస్ హాస్టలని వంక చెప్పేస్తున్నా."

సాధన భుజం ఇచ్చింది. పైన ఎండ పళ్లెంలో వడ్డించినట్టు పరుచుకుని ఉంది. ఇద్దరూ వడియాల పక్కన చాప వేసుకుని, చేతులు మోచేతుల దాకా చాపుకుని కూర్చున్నారు. కోటేశ్వరమ్మ పావురాల్ని అదిలిస్తూ, పెళ్లినాటి సంగతుల నుంచి ఆపకుండా చెబుతూనే ఉంది. వినేవాళ్లు లేక ఎన్నేళ్లు దాచుకుందో!

ఆ తరువాత ఆమె కూడా రక్తపరీక్ష చేయించుకుంది, గోళీలు మొదలుపెట్టింది. సాధన మెల్లగా తేరుకుని, పరీక్ష మొత్తం కూర్చుని రాసింది. ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా ఎల్బీనగర్‌లో చిన్న ఉద్యోగం దొరికి, హాస్టల్ వదిలి అక్కడికే గది మారింది.

మొన్న కోటేశ్వరమ్మ ఫోన్ చేసింది. "తాళం తీసే ఉంచానే. కొత్త పిల్లలు ఎవరూ ఎక్కరు. ఒక్కదాన్నే ఎక్కాలంటే భయం."

"ఐతారం ఒస్తా ఆంటీ" అంది సాధన. తీరా ఆ ఆదివారం ఆఫీసుకు రమ్మన్నారు, డాబా ఎక్కడం కుదరలేదు.

మీరు మెట్రోలో ఆ దారిన పోతూ, ఏ డాబా మీదైనా మనిషి కాపలా లేని వడియాలు కనిపిస్తే, కోటేశ్వరమ్మను ఒక్కసారి తలుచుకోండి.